ఐదూ యాభైకి మాటలు ఆపే ఊరు

ఉదయం ఐదూ పదికి పాలు విరిగాయి. ప్రయాణం రోజు పాలు విరిగితే మంచిది కాదని మా అత్తగారు బతికుంటే చెప్పేవారు. అవి ముందు రోజు పాలు, ఫ్రిజ్ తలుపు సరిగా పడలేదు, విరిగాయి. భార్య పోయిన మూడు నెలల్లో నేను సొంతంగా సంపాదించిన శాస్త్రజ్ఞానం ఇంతే. నల్ల టీ తాగి, ఆవిడ ఖాకీ సంచీ భుజాన వేసుకుని, విశాఖపట్నం స్టేషన్‌కు బయలుదేరాను. ఇది రెండువేల నాలుగు జనవరి చివరి మాట.

నేను కాలేజీలో లైబ్రేరియన్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి. నా టేబుల్ వెనక గోడకు "నిశ్శబ్దం" అని ఎర్ర అక్షరాల బోర్డు ఉండేది. ముప్పై ఏళ్లలో దాన్ని శ్రద్ధగా చదివింది రంగు వేసినవాడొక్కడే. నా భార్య విమల యూనివర్సిటీలో భౌతికశాస్త్ర విభాగంలో పనిచేసేది. ఏం పని అని బంధువులు అడిగితే "శాటిలైట్ల మీద" అనేవాణ్ణి. వాళ్లు తృప్తిపడేవారు. నేనూ పడేవాణ్ణి.

ఆవిడ పోయాక తీరిక దొరికి, ఆవిడ కాగితాలు చదివాను. నాకు అర్థమైనంత చెబుతాను. మెరుపు మెరిస్తే వెలుతురుతో పాటు రేడియో తరంగాలు కూడా పుడతాయి. అవి కాక, భూమి చుట్టూ చాలా ఎత్తున, అయస్కాంత రేఖలకు చిక్కుకుని తిరిగే ఎలక్ట్రాన్లు మరికొన్ని తరంగాలు పుట్టిస్తాయి. భూమికి తెల్లవారుతున్న వైపున అవి ఎక్కువ. ఉపగ్రహాలు వాటిని పట్టి కిందకి పంపుతాయి. వాటిని స్పీకరుకు తగిలిస్తే తెల్లవారుజామున చెట్టు నిండా పిట్టలు అరిచినట్టు వినపడుతుంది. విమల ఒకసారి వంటింట్లో వినిపించింది. నేను లేచి కిటికీ మూశాను.

ఉపగ్రహం మన వైపుగా వెళ్లే ఉదయాల్లో, పైన అది విన్నది కింద నేల మీదకు దిగుతోందా అని చూడటం విమల పని. దిగదని ఆవిడకు ముందే తెలుసు. ఆ రేఖలు ధ్రువాల దగ్గర దిగుతాయి తప్ప మన వైపు రావు. కానీ ప్రాజెక్టు కాగితాల్లో "నేల మీది పరిశీలన" అని ఒక వరుస ఉంది, దాని ఎదురుగా ఏదో ఒకటి రాయాలి. అందుకని పన్నెండేళ్లు, ఏడాదికి పది ఉదయాల చొప్పున, అరకు అవతల కొండల్లో ఒక ఊళ్లో కూర్చుని, రాలేదని రాసుకుంది. "రాలేదని తెలియడం కూడా తెలియడమే" అనేది. "అలాగైతే నేనూ శాస్త్రజ్ఞుణ్ణే, మా లైబ్రరీకి ఎవరూ రారు" అనేవాణ్ణి నేను. మా దాంపత్యంలో శాస్త్రచర్చ అక్కడితో ముగిసేది.

సంతాపసభలో ఒక పెద్దమనిషి, విమల నక్షత్రాల్లో కలిసిపోయిందన్నాడు. నక్షత్రాలతో ఆవిడకు ఏ సంబంధమూ లేదు. ఆవిడ పనంతా వాటికి చాలా కింద.

ఇంట్లో పదకొండు క్యాసెట్లున్నాయి, ఏడాదికి ఒకటి. ఒక్కో దాని మీద పది ఉదయాలు. ప్రతి ఉదయానికీ ముందు విమల గొంతు ఉంటుంది. "ఆఁ. సరే. జనవరి ఇరవై మూడు. ఐదూ యాభై. మబ్బు లేదు. మొదలు." తర్వాత రెండు నిమిషాలు ఎక్కడెక్కడి మెరుపులో చిటపటలాడతాయి. చివర్లో, "ఐదూ యాభై రెండు. అయిపోయింది." ఆ తర్వాత కాస్త దూరం నుంచి, "ఇంక మాట్లాడుకోండి." ఎవరితో అనేదో నాకు తెలియదు. ఆవిడ అక్కడ ఒంటరిగా పనిచేస్తుందని అనుకునేవాణ్ణి. ఎవరితోనో నాకు ఎప్పుడో చెప్పే ఉంటుంది. నేను ఏదో చదువుకుంటూ ఉండి ఉంటాను.

పన్నెండో క్యాసెట్టు ఇంట్లో లేదు. పోయిన ఏడాది రికార్డరుతో పాటు ఆ ఊళ్లోనే ఉండిపోయింది. దాని కోసమే ఈ ప్రయాణం. శాస్త్రం కోసం కాదు.

రైల్లో

అరకు రైలు గురించి మీరు వినే ఉంటారు. సొరంగాలు లెక్కపెట్టేవాళ్లు యాభై ఎనిమిదంటారు. లెక్కపెట్టని వాళ్లు అరుస్తారు. సొరంగంలోకి రైలు దూరగానే పెట్టె మొత్తం గొంతెత్తి అరవడం ఆ మార్గంలో ఆచారం. నా ఎదురు సీట్లో విజయనగరం నుంచి కుటుంబంతో వచ్చిన బట్టల వ్యాపారి ఒకాయన ఈ ఆచారానికి నాయకత్వం వహించాడు. ఆయన అరిచాక భార్య, ఆవిడ అరిచాక పిల్లలు, ఆఖరున వాళ్ల అమ్మమ్మ.

నాలుగో సొరంగం దాటాక ఆయన నా మోకాలు తట్టాడు.

"ఏటండీ, మీరు అరవరేటి?"

"గొంతు బాగాలేదండి."

"మీరూ టికెట్టు తీసుకున్నారు గదా. ఊరికే కూకోడానికేటి? ఒకపాలి అరవండి, తేలికైపోద్ది."

నాకు ఏది తేలిక కావాలో ఆయనకు తెలియదు. తర్వాతి సొరంగంలో చీకట్లో నోరు తెరిచి చూశాను. శబ్దం రాలేదు. వెలుతురు వచ్చాక ఆయన మెచ్చుకోలుగా తల ఊపాడు.

టైడా దగ్గర పొట్లాల్లో ఉడికించిన వేరుశనగకాయలు వచ్చాయి. వాళ్లావిడ నాకు ఒక పొట్లం ఇచ్చింది, వద్దంటే ఒప్పుకోలేదు. "ఒక్కరే ఎల్తన్నారు, తినండి" అంది. మా వీధిలో ఒక్కడే ఉన్నవాణ్ణి చూస్తే సలహాలిస్తారు. పల్లీలు నయం.

కిటికీలోంచి రైలు పైన నడిచే కరెంటు తీగ చూస్తూ కూర్చున్నాను. విమల యంత్రం కరెంటు దగ్గర పనిచేయదు. తీగ ఏదైనా దగ్గర్లో ఉంటే దాని ఝుంకారం తప్ప మరేదీ వినపడదు. అందుకని ఆవిడ కరెంటు రైలెక్కి వచ్చి, కరెంటు లేని చోటు దొరికేదాకా నడిచి వెళ్లేది. ఇందులో హాస్యం ఉందని ఒకసారి చెప్పాను. "ఉంది" అని సంచీ సర్దుకుంది.

అరకు

అరకు చూడదగ్గ ఊరు. లాడ్జీ ముందు ప్రతి సాయంత్రం ఆరున్నరకు సంప్రదాయం మొదలవుతుంది. ఒకే రంగు చీరలు కట్టుకున్న ఆడవాళ్లు నడుములు పట్టుకుని థింసా ఆడతారు. ఏడింటికి సంప్రదాయం ముగుస్తుంది. తర్వాత వాళ్లు చీరలు మార్చుకుని ఆఖరి జీపు అందుకోవడానికి పరిగెడతారు. పరుగు కూడా చూడటానికి బాగానే ఉంది, దానికి టికెట్టు లేదు.

వెదురుబొంగులో కాల్చిన కోడిమాంసం తిన్నాను. మనిషికి యాభై రూపాయలు, బొంగు వెనక్కి ఇచ్చేయాలి. రుచి బాగుంది. ఉప్పు తక్కువైందంటే, వండినాయన "అడవిలో అలాగే తింటారండి" అన్నాడు. అడవి మీదకు నెట్టేస్తే వంటలో తప్పులుండవు.

లాడ్జీ కుర్చీలో ఉన్నాయన పుస్తకంలో నా పేరు రాసుకుంటూ అడిగాడు.

"మేడమ్ గారు రాలేదా సార్?"

"లేదు."

"ఎనకాల బస్సులో వస్తారా?"

"రారు."

"డబల్ కాటే ఉందండి. పర్లేదా?"

పర్లేదన్నాను. ఇంట్లో ఉన్నదీ అదే.

కొండ దారి

మర్నాడు జీపు. లోపల పద్నాలుగు మంది, పైన ఎంతమందో పైవాళ్లకే తెలియాలి. కొండ మలుపు దగ్గర దింపి, ఇక్కణ్ణుంచి నడవాలన్నాడు డ్రైవరు. నాతో పాటు ఇంకొకాయన దిగాడు. నలభై ఏళ్లుంటాయి, చొక్కా జేబులో రెండు పెన్నులు, చేతిలో హాజరు పట్టీ. ఆయన నన్ను చూడలేదు, సంచీని చూశాడు.

"ఇది ఇమలమ్మ గారి సంచీ" అన్నాడు.

"అవును. నేను ఆవిడ భర్తని."

"నేను ఏలియానండి. ఆ ఊరి బడి మాస్టర్ని. మండలంలో మీటింగుంటే ఎల్లొస్తన్నాను." దారి వైపు మళ్లీ చూశాడు. "అమ్మగారు ఎనకాలొస్తన్నారా?"

చెప్పాను. ఇప్పటికి ఆ వాక్యం చాలామందికి చెప్పి ఉన్నాను కాబట్టి తడబడలేదు. ఏలియా మాస్టారు హాజరు పట్టీ ఒక రాయి మీద పెట్టి, చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు. నేను కాళ్లు మార్చుకుని నిలబడ్డాను. సంతాపసభ గంటా నలభై నిమిషాలు నడిచింది, ప్రార్థన అంతకంటే తక్కువలో తెమలదని అనుకున్నాను.

"ప్రభువా, ఇమలమ్మ గారు. ఆమెన్" అన్నాడాయన. పట్టీ తీసుకుని నడవసాగాడు.

ఆ మనిషి మీద నాకు గౌరవం అక్కడే మొదలైంది.

రెండు గంటల నడక. దారి పక్కన సిల్వర్ ఓకు చెట్లు, వాటి కింద కాఫీ మొక్కలు. కాఫీ పళ్లు కోసేస్తున్నారు. ఒక వంపులో సిమెంటు కరెంటు స్తంభాలు వరసగా పడి ఉన్నాయి.

"పోయిన వేసవిలో తెచ్చి పడేసినారు సార్. ఈ ఏడు పాతుతారంట. మీ మేడమ్ గారే అర్జీ రాసి పెట్టినారు. ఇంగ్లీషులో."

"కరెంటు కోసమా?"

"ఆఁ. మూడు పేజీలు."

కరెంటు వస్తే ఆ ఊళ్లో ఆవిడ పని సరి. ఈ సంగతి నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

"బుద్రి అని ఒకావిడుంది సార్," అన్నాడు మాస్టారు, ఊరు కనిపించాక. "మేడమ్ గారు పడుకునేది ఆవిడింట్లోనే. ఈ ఏడు మేడమ్ గారు రానేదని, ఆవిడే పని మొదలెట్టేసింది. తొమ్మిది రోజులైంది. రేపటితో పది."

ఊళ్లో

ఊరి పేరు రాయను. రాస్తే ఎవరో ఒకరు వచ్చి రిసార్టు కడతారు. పదిహేను ఇళ్లు, ఎర్రమట్టి పూసిన గోడలు, బడి, బడి వెనక వాలులో రెండు వెదురు గుంజల మధ్య నిలబెట్టిన చదరపు చెక్క చట్రం. చట్రం చుట్టూ చుట్టలు చుట్టలుగా రాగి తీగ. విమల చెవి అదే. ఒక మూల ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది.

బుద్రికి యాభై దాటి ఉంటాయి. ముక్కుకు మూడు పుడకలు. చేటలో సామలు చెరుగుతూ నన్ను ఎగాదిగా చూసింది. మా వైపు ముక్కూ మొహం తెలియని మనిషిని మీరు అంటారు. ఇక్కడ దొరనైనా నువ్వే అంటారు.

"ఇమలమ్మ మొగుడివా నువ్వు? పన్నెండేళ్లకి తోవ దొరికినాదేటి బాబూ?"

మాస్టారు తల దించుకున్నాడు. ఆవిడ అతన్ని చూసింది, నా భుజం మీది సంచీని చూసింది. చేట కింద పెట్టింది.

"ఎప్పుడు?"

"నవంబర్లో."

"మాకు కబురెట్టనేదేటి?"

నేను అరవై మందికి ఉత్తరాలు రాశాను. విమల పేరు సరిగ్గా పలకలేని విదేశీ ప్రొఫెసర్లకు కూడా రాశాను. "ఎవరికి చెప్పాలో తెలియలేదు" అన్నాను.

"మాకు" అంది బుద్రి.

లోపలికి వెళ్లి టీ తెచ్చింది. చుట్టూ ఎకరాల కొద్దీ కాఫీ, ఊళ్లో తాగేది సంతలో కొన్న టీపొడి. ఎందుకని అడిగితే, "కాఫీ అమ్మడానికి బాబూ, తాగడానికేటి?" అంది. మా లైబ్రరీ పుస్తకాల సంగతీ ఇంచుమించు ఇంతేనని చెప్పలేదు.

"ఎవలు మోసినారు?"

"మోయలేదు. బండిలో తీసుకెళ్లారు."

"కాల్సినారా, పూడ్సినారా?"

"కాల్చారు. కరెంటుతో."

"కరెంటుతోనా?" ఆవిడ చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. తర్వాత నా తప్పు దిద్దుతున్నట్టు మెల్లగా అంది. "అమ్మకి కరెంటు పడదు గదా బాబూ."

మూడు నెలల్లో విమల గురించి ఎవరైనా అన్న మాటల్లో తప్పు లేనిది ఇదొక్కటే.

క్యాసెట్టు

పొద్దు వాలకముందే మాస్టారు బడి బీరువా తెరిచాడు. పై అరలో సుద్దముక్కలు, విమల దస్తూరిలో కరెంటు అర్జీ నకలు. కింది అరలో రికార్డరు, గుడ్డ చుట్టి. క్యాసెట్టు అందులోనే ఉంది. బడి అరుగు మీద కూర్చున్నాం. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు.

వెనక్కి తిప్పి బటన్ నొక్కాను. విమల గొంతు కోసం రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చిన మనిషికి వినపడింది ఇది.

"ఆఁ. సరే. ఈయేళ బేస్తవారం. ఐదూ యాభై. మబ్బు నేదు. సలి ఉంది. మొదలు."

మాటల మధ్య ఆగడాలు విమలవి. "ఆఁ" తర్వాత గొంతు సవరించుకోవడం విమలది. గొంతు బుద్రిది.

నాకు అప్పుడు అర్థమైంది. ఊళ్లో వేరే క్యాసెట్టు లేదు. పోయిన ఏడాది ఉదయాల మీదనే ఈ ఏడాది ఉదయాలు రికార్డయ్యాయి.

మొదలు అన్న తర్వాత చిటపటలు రాలేదు. ఎక్కడో కోడి కూసింది. పిట్టలు మొదలుపెట్టాయి, ముందు ఒకటి, తర్వాత చాలా. ఎవరో దగ్గు ఆపుకోబోయి ఆపుకోలేకపోయారు. ఒక పసిపాప ఏడవబోతే ఎవరో నోటికి రొమ్ము అందించినట్టు ఆ ఏడుపు సగంలో ఆగింది. అంతే, రెండు నిమిషాలు. తర్వాత "ఐదూ యాభై రెండు. అయిపోనాది. ఇంక మాటాడుకోండి." వెంటనే పదిహేను ఇళ్ల గొంతులు ఒక్కసారి లేచాయి, రోకళ్లు, కుక్కలు, తిట్లు.

పదకొండు క్యాసెట్లలో ఆ చివరి మాట విమల ఎవరితో అనేదో తెలిసింది.

"మీరంతా మాటలు ఆపేసేవారా?" అని అడిగాను.

"మరేటి? అమ్మ సెవెట్టి ఇంటంటే వాగుతామేటి?"

నాలో లైబ్రేరియన్ ఊరుకోలేదు. ఆ తీగచట్రానికి మనుషుల మాటలు వినపడవనీ, పక్కన నిలబడి డప్పు కొట్టినా దానికి తెలియదనీ, పన్నెండేళ్లు వాళ్లు అనవసరంగా నోళ్లు కట్టుకున్నారనీ వివరించాను. జాలిగానే వివరించాను. నాకది ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

"తెలుసు బాబూ" అంది బుద్రి. "మొదటేడే సెప్పినాది అమ్మ. మీ పని మీరు సేసుకోండి, దీనికేటీ ఇనపడదనీసి."

"మరి ఎందుకు ఆపడం?"

వెనక నుంచి ఒక ముసలాయన అందుకున్నాడు. "పక్కనో మనిషి సెవులొగ్గి కూకుంటే మనం గోల సేత్తామేటి? నువ్వు పుస్తకాల గదిలో పని సేసినావంట గదా. అక్కడ అరుత్తారేటి?"

అరుస్తారని చెప్పలేదు.

ఒక్కో ఉదయమూ వింటూ పోయాం. తొమ్మిదీ బుద్రివే, తొమ్మిదింట్లోనూ పిట్టలే. నేను ఇక ఏమీ ఆశించడం లేదు. తొమ్మిదోది అయ్యాక టేపులో ఒక టిక్కు వినపడింది.

"ఆఁ. సరే. ఫిబ్రవరి ఒకటి. ఐదూ యాభై. మబ్బు ఉంది. మొదలు."

అరుగు మీద ఎవరూ కదల్లేదు. చిటపటలు వచ్చాయి, వేడి నూనెలో ఆవాలు వేసినట్టు. రెండు నిమిషాలు. "ఐదూ యాభై రెండు. అయిపోయింది. ఇంక మాట్లాడుకోండి." గొంతులు లేచాయి. వాటిలో బుద్రిది, దగ్గరగా. "ఏటి ఇన్నావమ్మా?" విమల, "ఏమీ లేదే." బుద్రి, "పై ఏటికి వొస్తాదిలే." విమల నవ్వింది. టేపు ఆగింది.

ఇంట్లో ఆ నవ్వు నేను పన్నెండేళ్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్కవేయబోయి మానేశాను.

మాట్లాడింది బుద్రే. "అమ్మది సిటపటలాడతంది. నాయి పిట్టలు. ఏటి బాబూ?"

రికార్డరు పక్కన చిన్న మీట ఉంది. ఒక వైపు నొక్కితే మైకు, రెండో వైపు నొక్కితే తీగచట్రం. రోజు, వేళ మైకులో చెప్పి, మీట చట్రం వైపు నొక్కాలి, అయ్యాక మళ్లీ మైకు వైపు. విమల తనే నొక్కేది. చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోనేమో ఏటా ఈ సంచీలో విమలతో పాటు ఇంటికి తిరిగి వచ్చేసేది. బ్యాటరీ అయిపోతుందని, మొదటి రోజు టేపు మొదటికి తిప్పుకోవడమే తప్ప, బుద్రి తొమ్మిది రోజుల్లో ఒక్కసారీ వెనక్కి తిప్పి వినలేదు. మీట చూపించాను. ఆవిడ దాన్ని వేలితో అటూ ఇటూ కదిపింది.

"అయితే నా తొమ్మిదీ తప్పేనా?"

"తప్పే."

"అమ్మవి తొమ్మిదీ నేనే తుడిసేసినానా?"

"అవును" అన్నాను. నేను ఎప్పుడూ కచ్చితంగా మాట్లాడే మనిషిని.

ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సంజాయిషీ చెప్పుకోలేదు, ఏడవలేదు. మా ఊళ్లో అయితే ఈపాటికి నలుగురు నన్ను ఓదార్చి, నలుగురు ఆవిణ్ణి ఓదార్చేవారు. ఇక్కడ ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. కట్టెల పొగ వాసన వచ్చింది. నేను ఏదో ఒకటి అనాలని తెలుసు.

"పైన శాటిలైట్‌కి వినపడేది ఎలా ఉంటుందో విమల మీకు చెప్పిందా?" అని అడిగాను.

"నేదు. ఇక్కడికొత్తే ఇనిపిత్తాననీది."

"పిట్టల్లాగే ఉంటుంది. నీ టేపులో ఉన్నట్టే. తెల్లవారుతుండగా, ముందు ఒకటి, తర్వాత చాలా. నేను మా ఇంట్లో విన్నాను. ఆవిడ పన్నెండేళ్లు ఇక్కడ కూర్చున్నది దాని కోసమే."

బుద్రి నన్ను పరీక్షగా చూసింది. "ఎటకారం సేత్తన్నావేటి బాబూ?"

"లేదు" అన్నాను. అది నిజం. నా విషయంలో అరుదు.

ఐదూ యాభై

మర్నాడు పదో ఉదయం. పోయిన ఏడాది పదో ఉదయం మీద అది పడకుండా క్యాసెట్టు తిరగేశాను. విమల రెండో వైపు ఎప్పుడూ వాడేది కాదు. పొదుపు తెలియని మనిషి అని దెప్పేవాణ్ణి.

రాత్రి సామల అన్నం, కందిపప్పు అడ్డాకు విస్తట్లో తిన్నాను. బుద్రి మిగతా పప్పు నాకే వేసింది. తెల్లారగట్ల రాగి అంబలి ఇచ్చింది. చలికి వేళ్లు వంగలేదు. ఐదూ నలభై ఐదుకు బడి వెనక చట్రం దగ్గర నిలబడ్డాం. సంచీలోంచి హెడ్‌ఫోను తీసి రికార్డరుకు తగిలించి, బుద్రి చెవులకు పెట్టబోయాను. నువ్వే పెట్టుకో అన్నట్టు తోసింది.

"ఆఁ. సరే. ఈయేళ శనివారం. ఐదూ యాభై. మబ్బు నేదు. మొదలు." మీట అటు నొక్కింది. నా వైపు చూసింది. తల ఊపాను.

ఊరు ఆగింది. నీళ్లకు వెళ్లే ఇద్దరు ఆడవాళ్లు బిందెలతో దారిలో నిలబడ్డారు. దంచుతున్నామె రోకలి ఎత్తి, పక్కకు ఆనించింది. నిన్నటి ముసలాయన దగ్గు వస్తుంటే కండువా నోట్లో కుక్కుకున్నాడు. హెడ్‌ఫోనులో చిటపటలు, అంతే. మరేదీ లేదు. పన్నెండేళ్లుగా రానిది పదమూడో ఏడు నా కోసం వస్తుందా? నేను పిట్టలను కూడా వినలేదు, చెవులు మూసుకుని ఉన్నాను కదా. ఆ చుట్టుపక్కల ఆ ఉదయం పిట్టలను వినని మనిషిని నేనొక్కణ్ణే.

"ఐదూ యాభై రెండు. అయిపోనాది" అంది బుద్రి.

ఆ పైమాట అనలేదు. ఊరంతా అలాగే నిలబడి ఉంది. బిందెలు అలాగే, రోకలి అలాగే. ముసలాయన మొహం ఎర్రబడుతోంది. బుద్రి నన్ను చూస్తోంది. ఏలియా మాస్టారు కూడా. మరో అర నిమిషం గడిచాక గాని నా నుంచి ఏం కావాలో నాకు తోచలేదు.

"ఇంక మాట్లాడుకోండి" అన్నాను.

ముందు దగ్గు వినపడింది. తర్వాత అన్నీ.

"ఏటి ఇన్నావు బాబూ?" అని ముసలాయన కేకేశాడు.

"ఏమీ లేదు."

పై ఏటికి వస్తుందని ఎవరూ అనలేదు.

తిరుగు దారి

చట్రం విప్పి ఇవ్వబోయారు. వద్దన్నాను. తీగ బట్టలారేసుకోవడానికి పనికొస్తుందని బుద్రి తేల్చింది. క్యాసెట్టు మాత్రం గుడ్డలో చుట్టి సంచీలో తనే పెట్టింది. స్తంభాల దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది.

"కరెంటొచ్చినాక రా బాబూ. ఫేను ఏత్తాను" అంది.

తిరుగు రైల్లో సొరంగాలు వచ్చాయి. అందరూ అరిచారు. ఈసారి నా గొంతూ కాస్త లేచింది. పక్కనున్నవాళ్లకు వినపడి ఉండదు.

ఇంటికి వచ్చి ఒక వైపు చివరి మూడు నిమిషాలు విన్నాను, రెండో వైపు మొదటి మూడు నిమిషాలు విన్నాను. విభాగంవాళ్లకు తొమ్మిది ఉదయాలు చెడిపోయాయని, పదోదాంట్లో ఏమీ రాలేదని ఉత్తరం రాశాను. వాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు. వాళ్లకు ఉపగ్రహం ఎలాగూ ఉంది.

ఏప్రిల్లో ఏలియా మాస్టారి కార్డు వచ్చింది. ఆయన ప్రార్థన లాగే చిన్నది. స్తంభాలు పాతారు, తీగ లాగారు, ప్రతి ఇంటికీ ఒక బల్బు ఇచ్చారు. బుద్రి ఫ్యాను కొంది. బడి దగ్గర లైటు రాత్రంతా వెలుగుతుంది.

ఇప్పుడు ఆ ఊళ్లో ఉదయం ఐదూ యాభైకి ఎవరూ మాటలు ఆపరు.